ఫారంలో లేని బాధ

కంకిపాడు సెంటరు దాటి ఆటో సందులోకి మళ్ళింది. వెనక సీట్లో బాలశౌరి మైకు మూతికి కట్టిన జేబురుమాలు సర్దుకుని, ఆ ఉదయం ఇరవయ్యోసారి అందుకున్నాడు.

"అయ్యా, అమ్మా! గుండెల్లో మంటా? పుల్లటి త్రేన్పులా? పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నుతోందా? ఈ జబ్బు మీద మన ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. మీరూ చేరండి. గొంతులోకి గొట్టం వేసి చూసే పరీక్షతో సహా అన్నీ ఉచితం."

మలుపులో ఒక ఇంటి ముందు షామియానా, కింద ఏడుపులు. బాలశౌరి మైకు కట్టేశాడు. చావింటి ముందు మైకు మోగకూడదు. ముప్పై ఏళ్ళుగా సినిమాలు, సువార్త సభలు, తప్పిపోయిన గేదెలు, అన్నీ ఆ మైకులోనే చెప్పాడు గానీ ఈ కట్టుబాటు ఒక్కసారీ తప్పలేదు. తోటివాళ్ళంతా పెన్‌డ్రైవ్ గుచ్చి నిద్రపోతుంటే, ఇతను మాత్రం ఇంకా నోటితోనే చెబుతాడు.

యాభై ఆరేళ్ళ మనిషి. ఈమధ్య బెల్టుకు మేకుతో మూడు కొత్త చిల్లులు పొడిచాడు. పదేళ్ళుగా ఛాతీలో మంట. చప్పరించే మాత్రలు, గులాబీ రంగు మందు జేబులో ఉంటేనే గొంతు లేచేది. ఆ మందు మరకలు రుమాలు నిండా ఉన్నాయి. రెండు నెలలుగా అయితే అన్నం ముద్ద రొమ్ము మధ్యలో ఆగిపోతోంది. భార్య మార్త అన్నం మెత్తగా పిసికి, మజ్జిగలో కలిపి, గ్లాసుతో ఇస్తోంది.

అందుకే ఈ పని ఒప్పుకున్న రోజే అందరికన్నా ముందు తనే వెళ్ళి ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. సింధూరి అనే అమ్మాయి ట్యాబ్ చూస్తూ ఇరవై ప్రశ్నలు అడిగింది.

"మాత్రలు వాడుతున్నారా అండీ?"

"రోజూ వాడతానమ్మా."

"రెండు వారాలు అన్నీ ఆపేసి రండి. రూలు."

"ఇంకోటమ్మా. ముద్ద ఇక్కడ ఆగిపోతోంది."

ఆ పిల్ల ట్యాబ్ మీద పైకీ కిందకీ వెతికింది. "దానికి కాలమ్ లేదండీ," అంది.

ఇరవై ప్రశ్నలు రాసిన చదువుకున్న పెద్దలకు, ముద్ద దిగుతోందా అన్న ఒక్క ప్రశ్న తోచలేదు. మార్తకు తోచింది. ఆటో నడిపే తిరుపతిరావుకు తోచింది. అయినా బాలశౌరి రూలును నమ్మాడు. రెండు వారాలు మాత్ర ముట్టలేదు. కడుపులో నిప్పులు పోసుకుని, ఆ నిప్పుల గురించే ఊరూరా చెప్పాడు.

ఆ గడువు ఇవాళ్టితో తీరింది. పదకొండింటికి ఆటో బందరు రోడ్డు మీది ఆసుపత్రి ముందు ఆగింది. బాలశౌరి చొక్కా గుండీలు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"టార్గెట్ అయిపోయిందండీ. మొన్ననే క్లోజ్ చేశాం," అంది సింధూరి, తల దించుకుని.

"మరి పొద్దున్నించీ నాతో ఎందుకు చెప్పిస్తున్నారమ్మా?"

వెనక గదిలోంచి మేనేజరు రామకోటేశ్వరరావు వచ్చాడు. బాలశౌరి కన్నా పాతికేళ్ళు చిన్నవాడు. "ప్రచారం నెలాఖరు దాకా ఉందిగా. చెప్తూ ఉండు. వచ్చినోళ్ళు ఏదో ఒక పరీక్ష చేయించుకుని పోతారు."

"ఉచితం అని చెప్తున్నానండీ నేను."

"నీకు చెప్పమన్నది చెప్పు."

బాలశౌరి బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాడు. తనను చేర్చుకోలేదన్న బాధ ఒకెత్తు. తన నోటితో అబద్ధం పలికించారన్న మంట ఒకెత్తు. మైకు తీశాడు.

"అయ్యా, అమ్మా! పొద్దున్నించీ నేను చెప్పింది అబద్ధం. ఇక్కడ చోటు మొన్ననే అయిపోయింది. అయినా పిలవమన్నారు, పిలిచాను. తప్పయింది. ముద్ద దిగనివాళ్ళు ఎవరన్నా ఉంటే ఈ ఫారాల కోసం ఆగొద్దు. విజయవాడ పెద్దాసుపత్రికి పోండి. నేనూ రేపే పోతున్నా."

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. తిరుపతిరావు ఆటో స్టార్టు చేయలేదు. "ఇంకోసారి చెప్పు శౌరీ. అవతలి వీధికి వినపడలేదు," అన్నాడు.

మరునాడు అన్నట్టే వెళ్ళాడు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, ముద్ద దిగుతోందా అని. గొట్టం సగం దాకే వెళ్ళింది, అక్కడ గడ్డ అడ్డుపడింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అంది ఆమె.

"మైకు చెప్తున్నానండీ," అన్నాడు.

నాలుగు నెలలు బతికాడు. వరికోతలు మొదలైన వారం, ఒక మధ్యాహ్నం, మార్త చెంచాతో పోసిన మజ్జిగ పెదవి మీదే ఉండిపోయింది.

ఇంటి ముందు షామియానా వేశారు. ఫాదరుగారు ప్రార్థన మొదలుపెట్టే వేళకు వీధి చివర మైకు మోగింది. అదే ఆసుపత్రి, కొత్త ఆటో, పెన్‌డ్రైవ్‌లో ఎవరో అమ్మాయి గొంతు. గుండెల్లో మంటా, మీరూ చేరండి అంటూ అది షామియానా దాకా వచ్చింది. సౌండు తగ్గలేదు. తిరుపతిరావు లేచి వెళ్ళి, డ్రైవరుతో ఒక్క మాటైనా అనకుండా, వైరు పట్టుకుని లాగేశాడు. ప్రార్థన సాగింది.

అందరూ వెళ్ళాక మార్త ఇల్లు కడిగి, దుప్పట్లు ఉతికి ఆరేసింది. గోడ మేకుకు వేలాడుతున్న మైకు దగ్గరికొచ్చి, రుమాలు ముడి విప్పబోయి ఆగిపోయింది. ఎన్నిసార్లు ఉతికినా వదలని గులాబీ రంగు మరక దాని మీద ఇంకా ఉంది.