బొట్టు పెట్టిన రౌటరు

బూడిద గుమ్మడికాయను చంకలో, బంతిపూల సంచిని చేతిలో, భయాన్ని ఎప్పటిలాగే కడుపులో పెట్టుకుని కన్నబాబు మోండా మార్కెట్‌లో రూపాయి బిళ్ళ ఫోను ముందు నిలబడ్డాడు. దసరా ముందురోజు. మనిషి మీద మనిషి, మనిషి మీద మూట, మూట మీద ఇంకో మనిషి. అది మార్కెట్టు కాదు, మనుషులతో పేర్చిన బొమ్మల కొలువు.

కన్నబాబుకి భయం కొత్త కాదు. విజయనగరం నుంచి సికింద్రాబాదు వచ్చిన రైల్లో అతని సామానంతటికీ చోటు దొరకలేదు గానీ, భయం మాత్రం టిక్కెట్టు లేకుండానే కిటికీ పక్క సీట్లో కూర్చుని వచ్చింది. అందరినీ ఇంట్లో పిల్లి, వీధిలో పులి అంటారు. కన్నబాబు రెండు చోట్లా పిల్లే. ఆఫీసులో అయితే పిల్లి పిల్ల.

ఆ ఆఫీసు ప్యారడైజు వెనక సందులో రెండో అంతస్తు. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి గొణిగిన గొణుగుడంతా పొద్దున్నే ఇక్కడికి వస్తుంది. పద్దెనిమిది మంది హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అది విని టైపు చేసి, సాయంత్రం ఆరు లోపల తిరిగి పంపిస్తారు. రోగం వాళ్ళది, రాగం డాక్టరుది, రాత మనవాళ్ళది. ఇలా వచ్చేదానికీ పోయేదానికీ దారి చూపించే డబ్బా పేరు రౌటరు. దాన్ని చూసుకోవడం కన్నబాబు ఉద్యోగం. ఉద్యోగం అంటే ఇంకా ఉద్యోగం కూడా కాదు, ప్రొబేషను. పర్మినెంటు చేస్తున్నట్టు కాయితం టైపై, సంతకం లేకుండా బాసు రాఘవేందర్ సొరుగులో పడుకుని ఉంది. దసరా వెళ్ళగానే సంతకం పెడతానన్నాడు.

బాసు పూజ సామాను చీటీ రాసిచ్చాడు గానీ నిమ్మకాయలకి లెక్క వెయ్యలేదు. ఎక్కువ తెస్తే తిడతారేమో, తక్కువ తెస్తే తిడతారేమో అని కన్నబాబు ఫోనులో రూపాయి వేశాడు. ఎత్తింది అటెండరు పర్వతాలు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఇనుము చెక్కే లేతు మిషను నడిపి రిటైరైన మనిషి. పేరుకి పర్వతాలే గానీ, ఒకచోట కదలకుండా నిలబడ్డది ఎవరూ చూడలేదు.

"పర్వతాలు గారా? నిమ్మకాయలు ఎన్నండీ?"

"రాస్కో సారూ. కంప్యూటర్లకు పద్దెనిమిది. ఏసీలకు రెండు. యూపీఎస్‌కు ఒకటి. గా షెల్ఫు మీద మినుకు మినుకుమంటదే, గా డబ్బకొకటి."

"దానికొద్దండీ. దాని మీద తాకరాదు అని కాయితం అంటించాను కదా!"

"తాకకుంట తుడిచేదెట్ల? దుమ్ము జూడు, జానెడున్నది. యూపీఎస్ బంద్ చేస్తున్న. అన్ని ఒక్కసారే పండుకుంటయి. ఆయుధపూజ నాడు నడిచే మిషనుకు బొట్టు పెట్టొద్దు సారూ, తప్పు."

"పర్వతాలు గారూ, ఆపకండి! దాన్ని మాత్రం..."

"లొల్లిల ఏం వినొస్తలేదు సారూ. జెర పూలు మంచివి చూసి తే."

ఫోను ఠక్కుమంది. కన్నబాబు జేబులన్నీ తడిమి ఇంకో రూపాయి వేశాడు. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. తుడవడానికి ఫోన్లు కూడా పీకేసినట్టున్నారు. అతను ఆటో కోసం పరుగెత్తాడు.

ఎందుకంటే, రౌటరుకి జ్ఞాపకాలు రెండు. ఒకటి పలక. ఇంకోటి పచ్చబొట్టు. ఎటు పోవాలో, ఎవరిని రానివ్వాలో, మనం చెప్పిందంతా ముందు పలక మీద రాసుకుంటుంది. కరెంటు పోతే పలక తుడుచుకుపోతుంది. సేవ్ అని ఒక్క మాట కొడితే, అదంతా పచ్చబొట్టుగా పొడుచుకుని ఏళ్ళ తరబడి మరిచిపోదు.

ఐదు నెలల క్రితం, సూరి అనే ఇంజనీరు బెంగుళూరు నుంచి స్పీకరు ఫోనులో రెండు గంటలు చెబుతుంటే, కన్నబాబు ఒక్కొక్క వరసే కొట్టాడు. లైను లేచింది. "ఇక సేవ్ చేసుకోండి" అని సూరి పెట్టేశాడు. సరిగ్గా అక్కడ కన్నబాబుని భయం పట్టుకుంది. ఎక్కడైనా తప్పు కొట్టి ఉంటే? సేవ్ చేస్తే ఆ తప్పు పచ్చబొట్టైపోదూ? ఇప్పుడైతే ఆపి వెలిగిస్తే పోతుంది. రేపు చూసి చేద్దాం అనుకున్నాడు. రేపు వచ్చింది, రౌటరు బాగా పనిచేస్తోంది. పనిచేస్తున్నదాన్ని కెలకడమేటి అనుకున్నాడు. సోమవారం వచ్చింది. రిజిస్టరులో "రౌటరు సేవ్ చేసి సరిచూచితిని" అన్న గడి ఎదురైంది. పక్కన సంతకం గీకేశాడు. ఒకటి గీకాక రెండోది సులువు. రోజూ గుడ్డతో తుడిచాడు, అగరొత్తి పొగ తగలకుండా కాపాడాడు, ఉడకపోస్తే ఫ్యాను తిప్పి పెట్టాడు. ఇంత సేవ చేసినవాడు సేవ్ ఒక్కటి చెయ్యలేదు. ఇరవై రెండు సోమవారాలు, ఇరవై రెండు సంతకాలు.

పక్కింటి కంపెనీలో కిందటి నెలే నలభై మందిని ఇంటికి పంపేశారు. వాళ్ళలో ఒక్కడూ దొంగ సంతకం పెట్టలేదు.

ఆటోవాడు గుమ్మడికాయను చూసి "దిష్టి ఎవరికన్నా?" అన్నాడు. "నాకే" అన్నాడు కన్నబాబు. క్లాక్ టవరు దగ్గర సిగ్నలు పడింది. అంత పెద్ద గడియారం, అన్ని వైపులా ముఖాలు, ఒక్క ముఖంలోనూ జాలి లేదు. మెట్లు రెండేసి ఎక్కి లోపలికి పడ్డాడు.

ఆఫీసంతా పసుపు, సాంబ్రాణి. కరెంటు అప్పటికే తిరిగి వచ్చింది. షెల్ఫు మీద రౌటరు తళతళ మెరుస్తూ, నుదుటి మీద రూపాయంత కుంకుమ బొట్టుతో, పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. తాకరాదు కాయితాన్ని కూడా పర్వతాలు తడిగుడ్డతో తుడిచి మళ్ళీ బుద్ధిగా అంటించాడు.

కన్నబాబు కంప్యూటరు తీగ దానికి తగిలించి తెర వైపు చూశాడు. తెర మీద ఒక ప్రశ్న నిలబడి ఉంది. మొట్టమొదటి ఏర్పాట్లు ఇప్పుడు మొదలుపెట్టమంటారా? అవునా, కాదా?

ఐదు నెలలు కాపురం చేసిన పెళ్ళాం ఒక పొద్దున లేచి, "తమరెవరండీ?" అని అడిగినట్టుంది.

"ఏందయ్యా కన్నబాబు, మొఖం గట్లున్నది?" అద్దాల గదిలోంచి రాఘవేందర్ కేక. ఆయన గుసగుసలాడితే కింద పాన్ డబ్బావాడు పలుకుతాడు. "గుమ్మడికాయ ఇయ్యి. పూజ అయిపోతే ఫైల్లు పంపుదాం. ఇయ్యాల నూటనలభై ఉన్నయి. ఆరు దాటితే ఆ తెల్లోడు కాంట్రాక్టు క్యాన్సలంటడు, ఎరికేనా?"

"లైను... కొంచెం నెమ్మదిగా ఉందండీ సార్."

అబద్ధం ఇరవై మూడు. మంత్రాలయ్యాయి, హారతయింది, గుమ్మడికాయ పగిలింది. అందరూ ప్రసాదం తింటుంటే కన్నబాబు షెల్ఫు వెనక నక్కి సూరికి ఫోను చేశాడు. ఆ నంబరు ఇప్పుడు లేదని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెప్పింది. మూడింట్లోనూ లేడు. గడియారం మూడుంపావు. తనకి గుర్తున్న వరసలు కొట్టి చూశాడు. నాలుగు గుర్తున్నాయి, కావలసినవి అరవై. నాలుగైంది. రౌటరు దీపం ఆకుపచ్చకి తిరగకుండా పసుపుపచ్చగానే ఉంది.

"ఏంది మ్యాన్, దయ్యాన్ని చూసినట్టున్నవ్?"

మేబెల్. లాలాగూడ రైల్వే కాలనీ పిల్ల, ఆఫీసులో అందరికన్నా చెవి పదును. డాక్టరు దగ్గుకీ రోగి దగ్గుకీ తేడా చెబుతుంది.

కన్నబాబు మొదట తల అడ్డంగా ఊపాడు. తరవాత నిలువుగా ఊపాడు. ఆ తరవాత మొత్తం చెప్పేశాడు, రిజిస్టరు సంతకాలతో సహా.

"ట్వెంటీ టూ?" మేబెల్ కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు మామూలు పిరికోడివి కాదు మ్యాన్, ధైర్యమున్న పిరికోడివి." "ఆగు. ఆ బెంగుళూరాయన స్పీకర్ల చెప్పిన దినం నేను ట్రైనింగ్‌ల ఉన్న. నీ ఎనకనే కూసున్న. ఏం వినబడితే అది టైప్ కొట్టు, ఒక్క మాట వదలొద్దు, వినబడకుంటే గీత పెట్టు అన్నరు. నాకు డాక్టర్ల టేపు ఇయ్యలె ఇంకా. మీ ఇద్దరి మాటలే కొట్టిన."

ఆమె తన కంప్యూటరులో పాత ఫైలు తెరిచింది. సూరి చెప్పిన ప్రతి వరసా ఉంది. మధ్యలో కన్నబాబు మాటలు కూడా ఉన్నాయి: "అయ్య బాబోయ్", "ఏటండీ, మళ్ళీ చెప్పండి", "పేలిపోదు కదండీ?" ఇవి పదకొండు చోట్ల. అవి వదిలేసి మిగతావి కొట్టాడు. ఆమె చదివింది, అతను కొట్టాడు. అతను ఎక్కడ తడబడినా ఆమె ఆ వరసని మళ్ళీ మొదటి నుంచి చదివింది. నాలుగూ నలభైకి చివరి పేజీకి వచ్చారు.

అక్కడ ఒక గీత.

"లైన్ పాస్‌వర్డ్," అంది మేబెల్. "ఇది సీక్రెట్, స్పీకర్ ఆపండి అన్నడు. నువ్వు రిసీవర్ ఎత్తినవ్. నాకు వినబడలె."

వినబడ్డది ఒక్క కన్నబాబుకే. ఆ రోజు చీటీ మీద రాసుకున్నాడు. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో పదహారు ముక్కలు చేసి రెండు వేరు వేరు చెత్తబుట్టల్లో పడేశాడు. ఇప్పుడు బుర్రంతా వెతికినా ఒక్క ముక్క దొరకలేదు.

లైను కంపెనీకి ఫోను చేశాడు. "పాస్‌వర్డ్ కొత్తది ఇస్తాం సార్. మాకు సంతకం చేసిచ్చిన రాఘవేందర్ గారే స్వయంగా మాట్లాడాలి" అన్నారు.

అద్దాల గది ఇరవై అడుగుల దూరం. కన్నబాబు సగం దూరం నడిచి వెనక్కి వచ్చాడు. మళ్ళీ నడిచి మంచినీళ్ళ దగ్గర ఆగాడు. దాహం వేసి కాదు. లైను వాళ్ళే చెడగొట్టారని చెబితే? కంపెనీ వాళ్ళు ఫోనులో బాసుకి నిజం చెప్పేస్తారు. జ్వరం అని ఇంటికి పోతే? ఆరింటికి ఫైళ్ళు పోవు, పద్దెనిమిది మంది పని పోతుంది, మేబెల్‌ది కూడా. ఐదు కొట్టింది. తలుపు తోశాడు.

"సార్, రౌటరు మీద తాకరాదు అని రాసింది అందరి కోసం కాదు సార్. నా కోసమే. తాకడానికి నాకు భయం."

మొదలుపెట్టాక ఆగలేదు. సేవ్ చెయ్యలేదని చెప్పాడు, సంతకాలు చెప్పాడు, పాస్‌వర్డ్ చెప్పాడు. తిట్ల కోసం భుజాలు దగ్గరికి లాక్కుని నిలబడ్డాడు.

రాఘవేందర్ అరుపు కన్నబాబుకి అలవాటే. ఆయన మౌనం అతను అంతకుముందు వినలేదు. పూజ గది గంటలా మోగే మనిషి రాయిలా కూర్చుని, రిజిస్టరు తెప్పించుకుని, ఒక్కొక్క పేజీ తిప్పాడు. వేలితో ఒక్కొక్క సంతకాన్నీ తాకాడు.

"ఇరవై రెండు," అన్నాడు మెల్లగా. ఫోను ఎత్తాడు. "నంబరు చెప్పు."

లైను వాళ్ళు ఆయన్ని పావుగంట ఆపి, ఎవరెవరికో కలిపి, చివరికి పాస్‌వర్డ్ చెప్పారు. రాఘవేందర్ దాన్ని తన చేత్తో రాసి కన్నబాబుకి ఇచ్చాడు. కన్నబాబు కొట్టాడు. పసుపు దీపం ఒకసారి ఆరింది. అతని గుండె కూడా. తరవాత ఆకుపచ్చగా వెలిగింది. ఫైళ్ళు ఒక్కొక్కటే చీమల బారులా కదిలాయి. ఐదూ యాభై రెండుకి నూటనలభయ్యోది వెళ్ళిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, బాసు ముఖం చూసి మానేశారు.

కన్నబాబు సేవ్ కొట్టాడు. సరే అని రౌటరు జవాబిచ్చింది.

"అయిందా?" అన్నాడు రాఘవేందర్.

"అయిందండీ సార్."

"ఎవలు చెప్పిన్రు?"

"తెర మీద వచ్చింది సార్."

"రిజిస్టర్ల గూడ వచ్చింది గదయ్యా, ఇరవై రెండు సార్లు." ఆయన పక్కకి తిరిగాడు. "పర్వతాలూ, మీ వర్క్‌షాపుల మిషను మంచిగున్నదో లేదో ఎట్ల చూస్తుండ్రి?"

"బంద్ చేసి మళ్ల షురూ చేసి చూస్తం సార్. ఏడాదికొకసారన్న ఆగని మిషను, ఆగితే లేస్తదో లేవదో ఎవనికెరుక? దసరాకు మేం ఆపేది బొట్టు కోసమొక్కటే అనుకున్నరా ఏంది?"

"విన్నవా?" అన్నాడు రాఘవేందర్ కన్నబాబుతో. "ఫైల్లు పోయినయి. ఇగ బంద్ చెయ్."

"సార్, మళ్ళీ పోతే..."

"పోతే ఇప్పుడే పోవాలె. నేను చూస్తుండంగ పోవాలె."

కన్నబాబు వేలు స్విచ్చు మీద పెట్టాడు. తడి కుంకుమ అంటింది. అందరూ చూస్తున్నారు. నొక్కాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. దాని లోపలి ఫ్యాను రొద ఆగింది. పది లెక్కపెట్టి మళ్ళీ నొక్కాడు. ఒక దీపం వచ్చింది. రెండోది రాలేదు. తెర నల్లగా ఉంది. ఒక నిమిషం. తెర మీద ఏవో వరసలు పరుగెత్తాయి. అతనికి చదవడానికి ధైర్యం చాల్లేదు.

"ప్రశ్న లేదు మ్యాన్," అంది మేబెల్ అతని భుజం మీంచి. "మనం పెట్టిన పేరు వచ్చింది చూడు. సికింద్రాబాద్ ఒకటి."

పసుపు దీపం ఆకుపచ్చగా మారింది.

రాఘవేందర్ గదిలోకి వెళ్ళి సొరుగులోంచి కాయితం తీశాడు. ఆయన దాని మీద ఉన్న తేదీ కొట్టేసి, ఆరు నెలల తరవాతి తేదీ వేసి, మళ్ళీ సొరుగులో పెట్టి మూశాడు. "చెప్పినవ్ గాబట్టి ఆరు నెలలు. చెప్పకుంటే ఇయ్యాలనే ఇంటికి పోతుంటివి. ఇగ ప్రతి సోమవారం పర్వతాలు ముంగట బంద్ చేసి, షురూ చేసి చూపియ్యాలె. సంతకం నీది కాదు, ఆయనది."

సోమవారం వచ్చింది. తాకరాదు కాయితం ఊడబీకిన చోట జిగురు మచ్చ మిగిలింది. బొట్టు ఎండి గోధుమరంగుకి తిరిగింది. పర్వతాలు కళ్ళజోడు పెట్టుకుని, రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి నిలబడ్డాడు.

"సేవ్ చేసినవా సారూ?"

"చేశానండీ." కన్నబాబు తెర మీది సరే అన్న మాటను వేలితో చూపించాడు. "రెండుసార్లు చేశాను."

"అయితే భయమేంది? కానియ్."

కన్నబాబు కళ్ళు మూసుకుని స్విచ్చు నొక్కాడు.