బలం బిళ్లలు

మచిలీపట్నంలో చిలకలపూడి వైపు వెళ్తే చాలా ఇళ్లలో రోల్డుగోల్డు పనే. ఆ వీధుల్లో ఒకదానిలో ఉండే దుర్గాప్రసాద్ ఇంటికి 2008 వేసవిలో ఉన్నట్టుండి చుట్టాల రాకపోకలు పెరిగాయి. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. అందరూ వస్తున్నది అతని భార్య రత్నకుమారిని చూడ్డానికే.

"నువ్వేనుటే! గుమ్మంలో నిలబడితే ఎవరో కొత్త పిల్ల అనుకున్నాను సుమా!"

రత్నకుమారి సిగ్గుపడుతూ నవ్వేది. మూడు నెలల క్రితం దాకా ఇదే జనం, ఇదే గుమ్మంలో, ఆమెను చూసి "బలంగా ఉంది" అనేవారు. మన వైపు లావుగా ఉన్న మనిషిని మొహమ్మీద లావు అనం. మర్యాదస్తులం కదా! బలంగా ఉంది అంటాం. రత్నకుమారికి పదేళ్ల వయసు నుంచి ముప్పై ఎనిమిదేళ్ల దాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. చివరికి మోకాళ్లు మొరాయించి, షుగరు కూడా రావడంతో, డాక్టర్లు చెప్పగా హైదరాబాదు వెళ్లి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది.

వీధిలో మాత్రం గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీశారని చెప్పారు. ఒళ్లు తగ్గడానికి కడుపు కోయించుకుందంటే నలుగురూ నవ్వుతారని దుర్గాప్రసాద్ భయం. పొద్దున లేస్తే గాజులకు రాళ్లు పొదిగే ఇల్లు గనక ఆ అబద్ధం సులువుగానే నోటికొచ్చింది.

ఆసుపత్రి వాళ్లు ఏం చేయాలో, ఏం చేయకూడదో వివరించి, మూడు పేజీల కాగితం చేతిలో పెట్టి పంపారు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంటికి వచ్చాక రత్నకుమారి మందుల సంచీ ముందేసుకుని భర్తను అడిగింది.

"ఇన్ని బిళ్లలు దేనికండీ?"

"విటమిన్లూ, ఐరనూ, కాల్షియమూ. అన్నీ బలానికేలే. జీవితాంతం వేసుకోవాలన్నారుగా" అన్నాడతను, కాగితం మడిచి టీవీ మీద పెడుతూ.

ఆ ఒక్క మాటా ఆమె కొంప ముంచింది. బలం తగ్గించుకోడానికి కోత కోయించుకుని, మళ్లీ బలానికి బిళ్లలు మింగడమేమిటి? రెండు వారాలు భయపడుతూనే వేసుకుంది. మూడో వారం కాస్త ఆకలేసింది. అంతే, ఇది బిళ్లల పనేనని, మళ్లీ లావైపోతానని డబ్బాను బీరువాలో పట్టుచీరల వెనక్కి నెట్టేసింది. భర్త అడిగితే "వేసుకున్నానండీ" అనేది.

రెండో నెల దాటాక వాంతులు మొదలయ్యాయి. తిన్న రెండు ముద్దలూ తిన్నట్టే బయటికి వచ్చేవి. వాంతులు ఒక్కరోజు దాటితే వెంటనే ఫోన్ చేయమని రెండో పేజీలో గీత గీసి మరీ ఉంది. ఆ పేజీ తిరగేసిందెవరు? వాంతి అయిన ప్రతిసారీ ఆమె వెళ్లి తూకం చూసుకునేది. ముల్లు ఇంకాస్త దిగితే, పిచ్చి తల్లి, సంతోషపడేది.

తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు. పొదగబోయిన రాయి వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. మందుల షాపు రాంబాబు నొప్పుల బిళ్లలు ఇచ్చాడు. ఆ ఆపరేషన్ అయినవాళ్లు ముట్టుకోకూడని బిళ్లలవి. రాళ్లు తీశారనుకున్న మనిషి ఎలా ఆపుతాడు, చెప్పండి?

ఒక మంగళవారం అత్తగారు సత్యవతమ్మ మొక్కు తీర్చడానికి కోడల్ని మోపిదేవి గుడికి తీసుకెళ్లింది. వాళ్లు ప్రదక్షిణలు మొదలుపెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బండలు కాలిపోతున్నాయి. ఆడవాళ్లు చీరలు ఎత్తిపట్టుకుని గెంతుతూ నీడకు పరుగులు తీస్తున్నారు. రత్నకుమారి ఒక్కతే చేతులు జోడించి, అడుగులో అడుగేసుకుంటూ పదకొండూ పూర్తి చేసింది.

"ఎంత భక్తండీ మీ కోడలికి!" అంది పక్కనున్నావిడ. సత్యవతమ్మ మురిసిపోయింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటున్న కోడల్ని చూసి ఆవిడే కెవ్వున అరిచింది. రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఒకటి చితికి నెత్తురు కారుతోంది.

"నెప్పెట్టలేదుటే రత్నం?"

"లేదు అత్తయ్యా..." అంటూనే ఆమె వంగి కాలు గట్టిగా గిల్లుకుంది. ఎవరి కాలో గిల్లినట్టుంది. అప్పుడు మొదటిసారి ఆమెకు గుండెల్లో రాయి పడింది.

తెల్లారి లేచేసరికి గుమ్మంలో ఇద్దరు దుర్గాప్రసాద్‌లు కనిపించారు. అడుగేయబోయి కూలబడింది. కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి.

ఊళ్లోనే ఒక ఆసుపత్రికి ఆటోలో మోసుకెళ్లారు. డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూశాడు. "ఈ మధ్య ఆపరేషన్ ఏమైనా అయిందా?"

"గాల్‌బ్లాడర్‌లో రాళ్లండీ" అన్నాడు దుర్గాప్రసాద్. చుట్టూ వీధివాళ్లున్నారు మరి.

"బాగా నీరసించింది. ముందు గ్లూకోజు పెట్టండి సిస్టర్" అన్నాడు డాక్టరు. నర్సు ఎలీసబెతు సీసా తగిలించి, నరం కోసం చెయ్యి తడమసాగింది.

రత్నకుమారికి అంతా తిరుగుతోంది. ఆలోచన కూడా చేతికి చిక్కకుండా జారిపోతోంది. ఒక్కటి మాత్రం తెలుస్తోంది. ఈ అబద్ధంతోనే తను చచ్చిపోతుంది. నర్సు చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాకు రాళ్లు లేవు. లావు తగ్గడానికి పొట్ట చిన్నది చేశారు. బలం బిళ్లలు మానేశాను. నెలరోజులుగా వాంతులు... కాళ్ల మంటలకు నొప్పుల బిళ్లలు వేసుకుంటున్నాను..."

ఎలీసబెతు చెయ్యి ఆగిపోయింది. "డాక్టర్ గారూ!" అని గట్టిగా పిలిచింది.

"ఆపండి! ముందు బీ-వన్ విటమిన్ ఇంజెక్షన్. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు" అన్నాడు డాక్టరు పరుగున వచ్చి. తర్వాత దుర్గాప్రసాద్ వైపు తిరిగాడు. "హైదరాబాదు డాక్టరు నంబరు ఇవ్వండి. ఆ నొప్పుల బిళ్లలు అవతల పారేయండి. ఆవిడ చెప్పకపోతే మనిషి దక్కేది కాదు, తెలుసా?"

దుర్గాప్రసాద్ ఫోన్ తీసి నంబరు చెప్పాడు. వీధివాళ్ల ముందే ఏడ్చాడు.

రెండు మూడు రోజులకు చూపు కుదుటపడింది. కాళ్లు కుదుటపడలేదు. రోజూ పొద్దున్నే ఎలీసబెతు దూదితో అరికాలు తాకి "తెలుస్తోందా అమ్మా?" అనేది. రత్నకుమారి కళ్లు గట్టిగా మూసుకుని, ఎంతో వెతికి, "లేదండీ" అనేది. సత్యవతమ్మ బీరువాలో దొరికిన డబ్బా తెచ్చి మంచం మీద పెట్టింది. అందులో బిళ్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎలీసబెతు ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. "బరువు వేరు, బలం వేరమ్మా. ఈ బిళ్లలు ఒళ్లు పెంచవు. చిన్నదైన పొట్ట తిండిలోంచి లాక్కోలేని సత్తువను ఇవి అందిస్తాయి. ఆపరేషన్ ఒక్క పూటతో అయిపోతుంది. మందులు మాత్రం అన్నంతో పాటు, బతికున్నన్నాళ్లూ. ఒంట్లో ఏ మార్పు వచ్చినా ఆ రోజే అడగాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా ఈ ఆపరేషన్ సంగతే చెప్పాలి."

"మళ్లీ నడుస్తానా అండీ?"

"కొంత తిరిగిరావచ్చు. ఎంతన్నది ఎవరం చెప్పలేం."

రత్నకుమారి చెయ్యి చాచింది. నర్సు ఇచ్చిన బిళ్లను అందరూ చూస్తుండగా నమిలి మింగింది.

ఆ సాయంత్రం వీధివాళ్లు పళ్లతో వచ్చారు. మంచం మీద కదలని ఆ కాళ్ల వంక చూసి, మొదటి రోజు ఆసుపత్రికి రాని ఒకాయన జాలిగా అడిగాడు.

"రాళ్ల ఆపరేషన్ వికటించిందటగా ప్రసాదూ?"

దుర్గాప్రసాద్ భార్య మొహంలోకి చూశాడు. ఈసారి తల దించుకోలేదు.

"రాళ్లు కావండీ. లావు తగ్గడానికి చేయించుకుంది. ఆపరేషన్ వికటించలేదు, మేం దాచిందే వికటించింది."