మెట్టతామరకి నీళ్లు

"నువ్వా మొక్క కాడికి ఎల్లకు. నీ నీడ పడినా మాడిపోతాది" అంటూ, నేను బయట చేరిన ప్రతిసారీ మా అత్త గంగాలమ్మ ఉతకాల్సిన బట్టల మూట నా ముందు పడేసేది.

ఆ రోజుల్లో వంటింట్లోకి పోకూడదు, మంచినీళ్ల బిందె తాకకూడదు, పెరట్లో మెట్టతామర దరిదాపులకు వెళ్లకూడదు. ఇంటిల్లిపాది బట్టలు మాత్రం ఉతకొచ్చు. స్టీల్ ప్లాంటు నుంచి మా ఆయన అర్జునరావు తెచ్చే మసి ప్యాంట్లకి నా ముట్టు అంటదు కాబోలు.

ఆ మొక్క నాది. పరవాడ దగ్గర మా పుట్టింటి స్థలం కరెంటు ప్లాంటుకి పోయింది. ఇల్లు ఖాళీ చేసిన రోజున అమ్మ పెరట్లోంచి ఒక దుంప తవ్వి నా కొంగున కట్టింది. దాన్ని తెచ్చి గాజువాకలో మా బాత్‌రూమ్ గోడ పక్కన పాతాను. తొలి వానలకే ఎర్రగా విరగబూసింది. తేనెపిట్టలు కాడ మీద వాలి పువ్వులో ముక్కు దూర్చేవి. మా అమ్మాయి అనూరాధ బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ భుజాన ఉండగానే వాటిని చూస్తూ నిలబడిపోయేది. అది తీసుకో, ఇది పెట్టు అని నాకు పనులు చెప్పకుండా ఈ ఇంటికి వచ్చేవి ఆ పిట్టలే. వాటిని చూస్తుంటే ఎందుకో ఏడుపొచ్చేది.

ఎండాకాలంలో ఆ మొక్కకి రోజూ నీళ్లు కావాలి. నేను బయట ఉంటే పోసేవాళ్లు లేరు. అత్తకి నడుం నొప్పి. అనూరాధ ఇంకా బకెట్టు ఎత్తలేని పిల్ల. మా ఆయన్ని అడిగితే "డూటీ సేసొచ్చి నీ మొక్కకి నీల్లు కూడా నానే మొయ్యాలేటి?" అనేవాడు. నేను తలంటుకుని వచ్చేసరికి ఆకులు అంచులు మాడి, మొగ్గలు రాలి ఉండేవి. అత్త ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపించేది. "సూడండి, దీని గాలి సోకి ఎలా ఎండిపోనాదో!" దాహంతో ఎండిందని ఒక్కరికీ తోచలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, వినీ వినీ నేనూ నమ్మేశాను. తలంటుకున్నాక కూడా ఇంకో రోజు ఆగి, దొంగలా వెళ్లి నీళ్లు పోసేదాన్ని.

మొన్న మే నెలలో అనూరాధ పెద్దమనిషి అయింది. తాటాకుల మీద కూర్చోబెట్టీ పెట్టకముందే అత్త చెప్పేసింది. "పెరట్లోకి ఎల్లకమ్మా, మొక్కలు సచ్చిపోతాయి."

అన్నం పెట్టడానికి వెళితే పిల్ల ముద్ద ముట్టలేదు. నెమ్మదిగా అడిగింది. "పొద్దున్న తెలీక నాను దాన్ని ముట్టుకున్నానమ్మా. సచ్చిపోతాదా? పిట్టలు కూడా సచ్చిపోతాయా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అందరికంటే ముందు నా మీద నాకే. చెయ్యి పట్టుకుని లేపాను. పెరట్లోకి తీసుకెళ్లి, బకెట్టు నింపి, చెంబు దాని చేతికిచ్చాను. పిల్ల చెంబు వంచితే సగం నీళ్లు పాదాల మీదే పడ్డాయి. మిగతా సగం మొక్క మొదట్లో పడ్డాయి.

అత్త గుమ్మంలోంచి అరిచింది. "ఏటే, పిచ్చి గానీ పట్టినాదా నీకు? పిల్లని ముట్టుకుని నువ్వూ మైల పడిపోనావు!"

నేను ఇంకో చెంబు ముంచి కూతురికి అందించాను.

"ఇకమీద మేమిద్దరం ఎప్పుడు బయట ఉన్నామో నీకు సెప్పం అత్తా. మొక్కని సూసి నువ్వే సెప్పు."