పువ్వులు తుడిచే మనిషి

రామూర్తికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసి ఏడాదైంది. పార పట్టొద్దు, బరువెత్తొద్దు అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ పొలం పనంతా భార్య దేముడమ్మదే. అతను గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. చూసి చూసి మాటలు తగ్గించేశాడు.

ఆ ఏడు ముప్పై సెంట్లలో పొద్దుతిరుగుడు వేసింది దేముడమ్మ. పువ్వులు పళ్ళేలంతేసి విచ్చాయి. తేనెటీగ మాత్రం ఒక్కటీ రాలేదు; పక్క చేలవాళ్ళు పూత మీదే పురుగుమందు కొట్టేశారు. తేనెటీగ వాలకపోతే గింజ తాలు. ఎవరో చెబితే బెల్లం నీళ్ళు చల్లింది. చీమలొచ్చాయి.

చివరికి పాత నేతచీర చింపి మొగుడి చేతికి చుట్టింది.

“పసిపిల్ల మొకం తుడిసినట్టు తుడు మావా. ఈ పువ్వు తుడిసి, అదే గుడ్డతో ఆ పువ్వు.”

“ఓలే, తేనెటీగ పని నాసేత సేయిత్తన్నావా?”

“అయితే ఏటి? అది తేనె కోసం సేత్తాది, నువ్వు నాకోసం సెయ్యి.”

మంచు ఆరిన దగ్గర్నుంచి ఎండ చురుక్కుమనే దాకా తుడిచేవాడు. పువ్వు అంచు నుంచి రోజుకో వరుస చొప్పున లోపలికి విచ్చుతుందనీ, కొత్తగా విచ్చిన వరుసలోనే పుప్పొడి ఉంటుందనీ తనే కనిపెట్టాడు. రాత్రి అన్నం తింటూ అవే కబుర్లు.

నాలుగో రోజు మన్మథరావు వచ్చాడు. దేముడమ్మకి అన్న వరస, కొబ్బరితోటలో పెట్టెల్లో తేనెటీగల్ని పెంచుతాడు.

“సెల్లీ, రెండు పెట్టెలు తెచ్చి పెడతాను. బావకెందుకీ పాట్లు?”

దేముడమ్మ గొంతు తగ్గించింది. “వద్దన్నా. ఏడాదికి ఇప్పుడే ఆ మనిషి నాకన్నా ముందు లేత్తన్నాడు.”

“గింజ తాలు పోతే?”

ఆమె చేను వైపు తిరిగింది. మొక్కల వెనకనుంచి రామూర్తి వచ్చాడు. మీసమంతా పసుపు.

“తెచ్చి పెట్టు బావా. ఉత్తరం గట్టు మీద పెట్టు, అటేపు పువ్వులు ఇంకా లోపలికి విచ్చలేదు. ఇటేపు నాను సూసుకుంటాను.” భార్య వైపు తిరిగి, “పిచ్చిదానా, పంట పాడుసేసుకుని నన్ను బతికిత్తావేటి?” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చేను జుమ్మంది. ఒక ఈగ వచ్చి రామూర్తి చేతిగుడ్డ మీద వాలింది. చెయ్యి కదపకుండా నిలబడిపోయాడు.

“ఓలే, ఇటు సూడు. ఇన్ని పువ్వులొగ్గేసి నాకాడికొచ్చింది.”

“రాదా మరి,” అంది దేముడమ్మ. “పుప్పొడంతా నీకాడే ఉంది.”