సైన్సు గడిలో రాతిగోడ

యూనివర్సిటీలో మెట్ల పక్కన రాతికట్ట కూలిపోతే బాగుచేయడానికి నన్ను పిలిచారు. నేను పని చేస్తుంటే మొదటిరోజు నలుగురు పిల్లలు నిలబడి చూశారు. మర్నాడు పదిమంది. మూడోరోజు అక్కడి చదువులు చూసుకునే పెద్దాయన వచ్చి, దీన్ని పాఠంగా చెప్పమన్నాడు. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. ఆ మాటే చెప్పాను.

"చదువుకున్నవాళ్లు మా దగ్గర బోలెడంతమంది ఉన్నారు మేస్త్రీ గారూ. గోడ కట్టేవాళ్లే లేరు" అన్నాడాయన.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నవ్వింది. "ఇంట్లో రోజుకి నాలుగు మాటలు. అక్కడ గంటలు గంటలు ఏం మాట్లాడతావయ్యా?"

"మాట్లాడను. మోయిస్తాను."

అలాగే మోయించాను. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టే గోడ. వారానికి రెండు మధ్యాహ్నాలు క్లాసు. ఆఖరి వారం కట్టిందంతా విప్పి కుప్ప పోయాలి. నాకిచ్చింది ఒక్క లారీ రాళ్లు. విప్పకపోతే తర్వాత వచ్చేవాళ్లు దేంతో కడతారు? విప్పేరోజు పిల్లల మొహాలు చూడలేం.

ఒక ఏడాది వచ్చినవాళ్లలో సాహిత్యం చదివే అమ్మాయి ఒకతె. బస్సు డ్రైవరు కూతురు. మొదటిరోజు చేతికి తొడుగులు వేసుకుని వచ్చింది. రెండోరోజుకి తీసేసింది. ఎందుకమ్మా అంటే, "రాయి తెలియడం లేదు మేస్త్రీ గారూ" అంది. ఆ మాట కొంతమందికి ఏడాదికి గానీ తట్టదు.

చదువులు అయిపోయాక, ఒకరోజు ఆ పిల్ల యూనివర్సిటీలో నా పనిపాకలోకి వచ్చి సామాను పెట్టె మీద కూర్చుంది. చేతిలో ఒక కాగితం. ఏం చదివేవాళ్లయినా సరే, పట్టా ఇవ్వాలంటే సైన్సు, సమాజం, కళలు, భాషలు, ఇలా ఒక్కో గడిలో ఇన్నేసి పాఠాలు పూర్తిచేయాలట. సైన్సు గడిలో ఒకటైనా లాబు ఉన్న పాఠం కావాలి. ఆ చోట ఈమె నా గోడ పాఠం రాసింది. వాళ్ల సలహాదారు మేష్టారు సంతకం పెట్టి రిటైరైపోయాడు. ఇప్పుడు పట్టాలు సరిచూసే గుమాస్తా దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాడు.

"లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున పట్టా చూపించాలి. లేకపోతే జాబితాలో నా వెనకున్నామెకి ఇచ్చేస్తారు" అంది. "ఇప్పుడు కెమిస్ట్రీలో చేరితే ఆరు నెలలు."

"ముందే చేరొచ్చుగా?"

"భయం. మందు పోసిన గాజుగొట్టం చేతికిస్తే ఎక్కడ జారిపడుతుందోనని."

"ఇరవై కిలోల రాయి ఎత్తుతావు కదే."

"అది జారితే కంపు కొట్టదుగా!"

ఇద్దరం గుమాస్తా దగ్గరికి వెళ్లాం. సన్నటి గది. మూడు గోడలకీ ఫైళ్లు. ఆయన ప్రతి వరుస కింద స్కేలు ఆనించి చదువుతాడు, అది ఎక్కడా వంకర పోదు. మనిషి చెడ్డవాడేం కాదు. నాకు కుర్చీ చూపించాడు.

"లాబు అంటే ఊహ ఉండాలి, పరీక్ష ఉండాలి, ఫలితం ఉండాలి, రికార్డు ఉండాలి. గోడలో ఇవెక్కడున్నాయి? కళల్లో వేసుకోమనండి, ఈ నిమిషంలో సంతకం పెడతాను."

"కళల గడి నిండిపోయింది సార్" అంది అమ్మాయి.

"పోనీ, రికార్డు పుస్తకం?"

"నేను రాయమనలేదు" అన్నాను.

"గోడైనా చూపించండి."

"విప్పేశాం."

ఆయన స్కేలు పక్కన పెట్టి నన్ను చూశాడు. "లేని గోడకి లేని రికార్డు. మీరే చెప్పండి మేస్త్రీ గారూ, నేనేం రాసుకోను?"

అమ్మాయి పైవాళ్లకి అర్జీ పెట్టుకుంది. బుధవారం మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. గొడుగు వేసుకుని ఫిజిక్స్ మేడం, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో చరిత్ర చెప్పే సారు, ఫైలు పట్టుకుని గుమాస్తా. ముగ్గురూ రాళ్లకుప్ప ముందు నిలబడ్డారు. చూడటానికి ఇంకేమీ లేదు.

"ఒక్క గంట ఇవ్వండి, కట్టి చూపిస్తాను" అంది అమ్మాయి.

"నీకు కట్టడం వచ్చని ఒప్పుకుంటున్నానమ్మా. అది సైన్సా కాదా అన్నదే గొడవ" అన్నాడు గుమాస్తా.

మేడం గొడుగు మడిచి పక్కన పెట్టి, ఒక రాయి తీసి ఇంకో రాయి మీద పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇలా అయితే కుదురుతుంది కదూ?" అంది. అమ్మాయి ఏదో చెప్పబోయింది. నేను వద్దన్నట్టు చూశాను. ఊరుకుంది. నా క్లాసులో ముందుగా ఎవరికీ ఏమీ చెప్పం.

చరిత్ర సారు చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరూ కలిసి మోకాలెత్తు లేపారు. తెల్లచొక్కా ఎర్రమట్టి రంగుకి వచ్చాక గోడ ఒక్కసారిగా ముందుకు జారింది.

"మీరు గుండ్రాయి పెట్టారు సార్!"

"మీ పునాదే వంకర మేడం. నా రాయినంటారేం?"

"రెండూ కాదు" అన్నాడు గుమాస్తా వెనకనుంచి. "ఆ మూల అతుకు మీద అతుకు వచ్చింది, కింద రాళ్లు కలిసిన చోటే పైవీ కలిశాయి. మూడు వరసల్లోనూ. నేను చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ ఊరుకున్నారా? రండి, మీరు కట్టండి!"

ఆయన ఫైలు గడ్డిమీద పెట్టాడు. పైన గాలికి ఎగరకుండా ఒక రాయి పెట్టాడు. ఆయన పేర్చిన తీరు చూడాలి, స్కేలు పెట్టినట్టే. అతుకు మీద అతుకు రానివ్వలేదు. అయినా మధ్యలో పొట్ట పొడుచుకొచ్చి అది కూడా విచ్చుకుపోయింది. ఆయన చాలాసేపు దాని ముందు గొంతుకూర్చున్నాడు. అప్పుడు ఈ పక్కనుంచి ఆ పక్కదాకా పట్టే పొడుగు రాళ్లు వెతికి, వరస విడిచి వరసలో అడ్డంగా వేశాడు. నిలబడింది. మర్చిపోకుండా ఏది పడిందో, ఏది నిలిచిందో ఫైలు అట్ట మీద రాసుకున్నాడు.

మేడం ఆ అట్ట లాక్కుని చదివి పగలబడి నవ్వింది. "అతుకు తప్పిస్తే నిలుస్తుందని ఊహ. నిలవలేదు. పొడుగు రాయి వేస్తే నిలుస్తుందని ఊహ. నిలిచింది. రికార్డు కూడా మీ దస్తూరీయే. ఇంకేం కావాలండీ మీకు?"

గుమాస్తా మొహం ఎర్రబడింది. కానీ తలూపలేదు. "ఇది నా రికార్డు. ఆమెది కాదు. నేను నేర్చుకుంటే ఆమెకి పట్టా ఎలా ఇస్తాను?"

న్యాయమైన మాటే.

అమ్మాయి ఆయన కట్టిన గోడ దగ్గరికి వెళ్లింది. చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి, కింద రెండో వరసలో ఒక రాయి మీద అరచెయ్యి పెట్టింది.

"సార్, ఇది లాగితే పైన ఐదు రాళ్లు పడతాయి. ఇటువైపే. ఆరోది పడదు."

"ఎలా చెప్తున్నావు?"

"ఆరోదాన్ని మీ పొడుగు రాయి మోస్తోంది. ఈ ఐదింటి బరువూ దీని మీద ఉంది. ముందు ఊహ రాసుకోండి, తర్వాత లాగండి."

ఆయన రాసుకున్నాడు. గడియారం చూసి టైము కూడా వేశాడు. నేను గడ్డపార అందించాను. తీసుకున్నాడు గానీ చెయ్యి రాలేదు. గంటన్నర చేసిన పని మరి. "ఇదే లాగాలా? వేరేది..."

"లాగండి సార్, ఏమీ కాదు" అన్నాడు చరిత్ర సారు, తనది కాదుగా.

ఆయన గడ్డపార దూర్చి ఎత్తాడు. రాయి ఊడొచ్చింది. ఒకటి, రెండు, మూడు పడ్డాయి. నాలుగోది ఆయన బూటు పక్కన దొర్లింది. ఐదోది కాస్త ఆలోచించి పడింది. ఆరోది ఊగింది. నలుగురూ నడుములు వంచి దానికేసి చూస్తున్నారు. ఇంకోసారి ఊగింది. ఆగిపోయింది.

గుమాస్తా దాన్ని వేలితో నొక్కి చూశాడు. కదల్లేదు. మళ్లీ గట్టిగా నొక్కాడు. తర్వాత అమ్మాయి కాగితం ఫైల్లోంచి తీసి, ఎర్రసున్నా పక్కన నెమ్మదిగా రాశాడు: సైన్సు, లాబుతో సహా. కింద సంతకం. ఆ కింద మేడం, ఆ కింద చరిత్ర సారు.

"వచ్చే ఏడాది నుంచి రికార్డు పుస్తకం పెట్టించండి మేస్త్రీ గారూ" అన్నాడు.

"సరే" అన్నాను.

"పరిగెత్తమ్మా, ఐదింటికి పట్టాల కిటికీ మూసేస్తారు!" అని మేడం అరిచింది. అమ్మాయి సిరా మీద ఊదుకుంటూ అప్పటికే మెట్లెక్కుతోంది.

"ఎవరు మూస్తారండీ, తాళం నా జేబులో ఉంటే?" అని గుమాస్తా ఫైలు చంకలో పెట్టుకుని, మోకాళ్ల మీద మట్టితో ఆమె వెనకాల పరుగందుకున్నాడు.