ఎస్‌ఎస్‌డి మీద నీలం పొర

పెద్దాయన నలభై ఏళ్లు కార్లకు సీటు కవర్లు కుట్టాడు. ఆ పిచ్చి ఇంట్లోకీ వచ్చేసింది. ఆ ఇంట్లో కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ ఊడే ప్రసక్తే లేదు. రిమోట్‌కు ప్లాస్టిక్, సోఫాకు ప్లాస్టిక్. గోడ గడియారం అద్దం మీద కూడా మసక పొర ఉంటుంది కాబట్టి, టైమెంతో తెలియాలంటే లేచి దగ్గరికెళ్లి చూడాలి. ఎవరైనా గోరు పెడితే, "కంపెనీవాడు పనిలేక అంటించాడా?" అని గయ్యిమంటాడు. వీధిలో అందరూ ఆయన్ని కవర్ల మాస్టారంటారు. అదేదో బిరుదైనట్టు ఆయన మురిసిపోతాడు.

మోకాళ్లు మొరాయించాక షాపు మూసేశాడు. అప్పటినుంచి ఆయన చేతులతో ఎవరికీ పని పడలేదు. ఆ వెలితి ఆయన్ని లోలోపల తినేస్తుండేది.

పోయిన వారం కోడలు విడిభాగాలు తెప్పించుకుని, హాల్లో బల్ల మీద తనే కంప్యూటర్ అమర్చుకుంది. అందులో ఎస్‌ఎస్‌డి అని చూపుడువేలంత పలక ఉంది. ఫైళ్లన్నీ ఉండేది అందులోనే. పని ఎక్కువైతే అది వేడెక్కుతుంది. అందుకని దాని మీద మెత్తటి ప్యాడ్ అతికించిన అల్యూమినియం బిళ్ల ఒకటి బిగించాలి. ప్యాడ్ వేడిని లాగి బిళ్లకిస్తుంది, బిళ్ల గాలికి వదిలేస్తుంది. మరలేమో నువ్వుగింజలంత.

"నా వేళ్లు వణుకుతున్నాయి మావయ్యా. మీది సూది పట్టిన చెయ్యి కదా, మీరు బిగించండి" అని కోడలు స్క్రూడ్రైవర్ ఇచ్చింది. ఇంతలో ఫోన్ మోగితే లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన బిగించేశాడు. ఆ రోజంతా ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. ఎదురింటాయనకు ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

ఇవాళ ఆ కంప్యూటరే పరువు తీస్తోంది. పాఠాల వీడియోలు చేసే ఒక కంపెనీకి కోడలు సాయంత్రం నాలుగింటికల్లా నమూనా పంపాలి. వాళ్లకు నచ్చితే ఇక ఇంటి నుంచే పని. లేదంటే మళ్లీ రెండు బస్సులు మారి పాత ఆఫీసుకు పోవాలి. ఒంటిగంటన్నరైంది. వీడియో తయారవడం ఇరవై శాతం దాకా పరుగెత్తి, ఆపైన నత్తనడక పట్టింది. తెర మూల ఎస్‌ఎస్‌డి వేడి ఎనభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. కోడలు కంప్యూటర్ డబ్బా పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టింది. రెండు డిగ్రీలు తగ్గి అక్కడే మొండికేసింది.

"కాలిపోకుండా అదే వేగం తగ్గించుకుంటోంది మావయ్యా. ఇలాగైతే పొద్దుపోయేదాకా అవ్వదు."

"మరి బిళ్ల ఉందిగా?"

"అదే అర్థం కావట్లేదు. కింద అంత వేడుంటే బిళ్ల చల్లగా ఉంది. ముట్టుకోండి."

ముట్టుకున్నాడు. నిజమే. వేడి పైకి రావట్లేదంటే మధ్యలో ఏదో అడ్డముంది. అప్పుడు గుర్తొచ్చింది, ప్యాడ్ మీది నీలం ప్లాస్టిక్ పొర. కొత్తది కదా అని దాన్ని ఉంచడమే కాదు, మూలలు చక్కగా నొక్కి మరీ బిగించాడు.

తేలు కుట్టిన దొంగలా సోఫాలో కూలబడ్డాడు. ప్లాస్టిక్ కరకరలాడింది. చెబితే కోడలు ఏమంటుంది? ఏమీ అనదు. ఆయన భయమూ అదే. ఏమీ అనదు, ఇంకెప్పుడూ స్క్రూడ్రైవర్ ఇవ్వదు.

"నాకు చేతకాని పని నెత్తికెత్తుకున్నాను. కుదరదని వాళ్లకి చెప్పేస్తా" అంటూ ఆమె ఫోన్ అందుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

తన తప్పుకు ఆ పిల్ల తనని తాను తిట్టుకుంటుంటే ఆయన చూడలేకపోయాడు.

"ఆగమ్మాయ్. నీ పని బాగానే ఉంది. నేనే... ఆ ప్యాడ్ మీది పొర తియ్యలేదు."

"ఏ పొర?"

"నీలంది. కొత్తది కదా అని..."

ఆమె సోఫా వంక చూసింది, రిమోట్ వంక చూసింది, గడియారం వంక చూసింది. ఒక్క మాట అనకుండా కంప్యూటర్ ఆపి ప్లగ్ పీకింది. ఆయన తల దించుకుని లేచాడు.

"ఎక్కడికి మావయ్యా?" అంటూ ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "బిగించింది మీరేగా, విప్పేదీ మీరే. పొర తియ్యాలని చెప్పకుండా ఫోనని పోయాను, నాది మాత్రం తప్పు కాదూ?"

విప్పాడు. పొర అంచుకు గోరు పెట్టి ఒలిచేటప్పుడు చెయ్యి వణికింది. మరలు బిగించేటప్పుడు మాత్రం వణకలేదు.

వేడి యాభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. గంటలోపే వీడియో కంపెనీకి వెళ్లిపోయింది.

"రేపు ఇంకో ఎస్‌ఎస్‌డి వస్తోంది. ఖాళీయేనా మావయ్యా?"

"చూడాలి, ఏం పనులున్నాయో" అన్నాడు బింకంగా. ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆమె లోపలికెళ్లాక ఆయన గడియారం దించి, అద్దం మీది పొర సర్రున లాగేసి, మళ్లీ తగిలించాడు. వచ్చి సోఫాలో కూర్చున్నాడు. మూడూ పది. కూర్చున్న చోటికే కనబడుతోంది.