ఆ వార్డు

మంచు ఆరకముందే తుడవాలి. ఎండెక్కితే పలక వేడెక్కుతుంది. బోరునీళ్లు పోస్తే తెల్లటి చారలు కడతాయి. అందుకే కన్నమ్మ నీళ్లు వాడదు. ఆసుపత్రి మేడమీద సోలారు పలకలకు పట్టిన మంచునే పాత నేతగుడ్డతో ఒక్క లాగుడు లాగుతుంది. సముద్రపు ఉప్పు, జీడితోటల దుమ్ము, కాకిరెట్ట అంతా గుడ్డకొచ్చేస్తుంది. మొత్తం నలభై పలకలు.

ఈవేళ చెయ్యి మరీ చురుగ్గా ఆడుతోంది. నిన్న డాక్టరు నీలిమ ఫోన్లో "మనకు అవార్డొచ్చింది!" అని కేకేసింది. వరండా ఊడుస్తున్న కన్నమ్మ చెవికి అది "ఆ వార్డొచ్చింది" అని తగిలింది. ఆ వార్డంటే ఇంకేముంది, కిడ్నీలు పాడైనవాళ్లకు రక్తం శుద్ధిచేసే వార్డు. మూడేళ్లుగా ఊరు అడుగుతున్నది అదొక్కటే. ఆమె పెనిమిటి సింహాద్రి వారానికి రెండుసార్లు పలాస పోయి మిషను పక్కన పడుకుని వస్తాడు. బస్సు దిగాక ఇంటిదాకా నడవలేక దారిలోనే చతికిలబడతాడు.

నిన్న ఇంటికెళ్లగానే చెప్పింది.

"ఇంక పలాస బస్సెక్కక్కర్లేదు మావా."

"నిజింగా ఇన్నావా, సెవిలో దూదెట్టుకున్నావా?"

"డాట్రమ్మ నోటెంటే ఇన్నాను."

పది గంటలకు కారొచ్చింది. అందులోంచి మంచాలు దిగలేదు. ప్రదీప్ అనే ఇంజనీరు దిగి, అట్టపెట్టెలోంచి తళతళలాడే షీల్డు తీశాడు. ఎండతో కరెంటు తీసి లైనులోకి పంపే సర్కారు మేడలన్నిటిలో ఈ మేడే మేటి అని సోలారు కంపెనీల సంఘం ఇచ్చిందట.

"పలకలు అద్దాల్లా ఉన్నాయి. ఎవరు తుడుస్తారు?" అన్నాడు మేడెక్కి చూసొచ్చి.

కన్నమ్మను ముందుకు తోశారు. అతను షీల్డు అందించబోతే ఆమె చెయ్యి చాపలేదు. కారు వైపు చూసింది.

"ఆ వార్డేది బాబూ?"

"ఇదేనమ్మా అవార్డు."

"ఇది కాదు బాబూ. మంచాలు, మిసన్లు ఉంటాయి గదా, ఆ వార్డు."

వరండా అంతా నవ్వింది. నీలిమ నవ్వలేదు. కన్నమ్మ మొహం కందిపోయింది, అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

"మనం వాడగా మిగిలిన కరెంటు తీగలెంట పోతందని మీరే అంటన్నారు. కరెంటు తీగ మీద పోతంది, మా మావ బస్సు మీద పోతన్నాడు. ఇదేటి నాయం?"

నవ్వు ఆగిపోయింది.

"ఆ వార్డు కావాలని రాసిన కాగితం కరెంటు చాలదనే వెనక్కొచ్చింది," అంది నీలిమ మెల్లగా.

"చాలదా?" అన్నాడు ప్రదీప్. "రెండు మిషన్లు పగలంతా నడిపినా మిగులుతుంది. నేను రాసిస్తాను. మిషన్లు కొనిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో మా సంఘంలో అడుగుతాను. చోటుందా?"

చోటు కన్నమ్మకు తెలుసు. సామాన్ల గది తాళం తీసి, మందుల పెట్టెలు ఓ పక్కకు జరిపి, నేల ఊడ్చింది. ప్రదీప్ కొలిచాడు. నీలిమ వంగి సుద్దముక్కతో గీసింది.

"మూడు నెలలైనా పడుతుంది కన్నమ్మా."

"పట్టనీండమ్మా. మూడేళ్లు సూసినోళ్లం."

సాయంత్రం మేడ తాళంచెవి కొత్తగా పనిలో చేరిన ప్రమోదిని చేతిలో పెట్టింది. కన్నమ్మకు అరవై నిండాయి. కొలువు ఈ రోజుతో సరి.

"మంచుండగానే తుడువమ్మా. నీళ్లు పొయ్యకు."

"మల్లీ రావేటత్తా?"

"ఎందుకు రానూ? మావనొట్టుకుని వత్తాను. సీపురొట్టుకుని మాత్రం రాను."

గేటు దాటి వెళ్లిపోయింది. సామాన్ల గదికి ఎవరూ తాళం వెయ్యలేదు. ఊడ్చిన గచ్చు మీద, పక్కపక్కనే, రెండు సుద్దగీతల మంచాలు.